పచ్చ నీళ్ళు, ఎర్ర మరకలు

గోదావరి డెల్టాలో ఇంటికి నీళ్ళు రెండు దారుల్లో వస్తాయి. ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట ఎత్తి నిలిపిన నది నీరు కాలవల్లోకి మళ్ళి, లాకులు దాటి, ఊరి చెరువుకు చేరుతుంది. ఇది మొదటి దారి. పెరట్లో గొట్టం దించి, నేల కింది ఇసుక పొరల్లోంచి మోటారుతో తోడుకునే బోరు నీరు రెండోది. కాలవ నీటిని కదలకుండా నిలవ చేస్తే కొన్నాళ్ళకు పచ్చబడుతుంది. ఇనుము ఉన్న బోరు నీటిని బకెట్టులో పట్టి వదిలేస్తే పూట తిరిగేసరికి పసుపు తేలి, అడుగున ఎర్రటి మడ్డి దిగుతుంది. ఆ పచ్చదనానికి కారణం ప్రాణమున్న నాచు. ఎరుపుకు కారణం ప్రాణం లేని లోహం.

చాలాకాలం ఈ రెండూ వేరువేరు చోట్ల ఉండేవి. పచ్చ చెరువులోనూ, ఎరుపు బోరు పక్క గచ్చు మీదా కనిపించేవి. ఇప్పుడు కొబ్బరితోటల్లో కట్టే అతిథి గృహాల్లో, పెరటి ఈతకొలనుల్లో రెండూ ఒకేచోట కలుస్తున్నాయి. కొలను నింపేది బోరుతో. పైనుంచి పడేవి కొబ్బరాకు, పొలం దుమ్ము, మండే ఎండ. కొన్నాళ్ళకు నీరు పచ్చబడుతుంది, టైల్సు ఎర్రబడతాయి. పచ్చకు వేసిన మందు ఎరుపును పెంచుతుంది, ఎరుపుకు వేసిన మందు పచ్చను పిలుస్తుంది. ఎందుకలా జరుగుతుందో తెలుసుకోవడానికి ఈ అధ్యాయంలో ఈతకొలనునే ప్రయోగశాలగా తీసుకుందాం. ఇక్కడ నేర్చుకున్నది మేడమీది ట్యాంకుకూ, చేపల చెరువుకూ, ఊరి మంచినీళ్ళ చెరువుకూ పనికొస్తుంది. అన్నిటికీ సూత్రం ఒకటే: నీటిలో చేరిన పదార్థం మాయం కాదు, రూపం మార్చుకుంటుంది. దాన్ని బయటికి తీసినప్పుడే నీరు శుభ్రపడినట్టు.

కాలవ కట్టేశాక

ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో మొదలై 1852లో పూర్తయిన ఆనకట్టా, తర్వాత దాని స్థానంలో వచ్చిన బ్యారేజీ డెల్టాలో సుమారు 10 లక్షల ఎకరాలను తడుపుతూ వచ్చాయి. వేసవిలో మరమ్మతుల కోసం కాలవలు కట్టేస్తారు. కట్టేసే ముందే ఊళ్ళు తమ మంచినీళ్ళ చెరువుల్ని నింపుకుంటాయి. మళ్ళీ కాలవ వదిలేదాకా ఆ నీళ్ళతోనే గడవాలి.

కాలవలో పారుతున్నంతసేపూ ఆ నీరు పచ్చబడదు. ఒండ్రు వల్ల వెలుతురు లోపలికి దిగదు. కదిలే నీటిలో నాచుకు ఒకచోట నిలదొక్కుకునే వ్యవధి దొరకదు. చెరువులో నిలిచాక ఒండ్రు అడుక్కి దిగి నీరు తేరుకుంటుంది. చూసేవాళ్ళకు అది శుభ్రపడినట్టు అనిపిస్తుంది. నిజానికి ఎండ లోపలికి దిగడం అప్పుడే మొదలవుతుంది. కంటికి ఆనని ఒంటికణం నాచులు, పోగులుగా సాగే పాచి, నీలి ఆకుపచ్చ బాక్టీరియా, అన్నీ ఆ వెలుతురుతో కిరణజన్య సంయోగక్రియ జరుపుకుని పెరుగుతాయి.

పగలంతా ఇవి నీటిలోని కార్బన్ డయాక్సైడును పీల్చేస్తాయి. ఆ వాయువు నీటికి కొద్దిపాటి ఆమ్లగుణం ఇస్తుంది. అది తగ్గేకొద్దీ పీహెచ్ పెరుగుతుంది. చిక్కగా పచ్చబడిన చెరువులో మధ్యాహ్నానికి పీహెచ్ 9 దాటడం మామూలే. రాత్రి వెలుతురు ఉండదు గనక నాచు ఆక్సిజన్ ఇవ్వదు, తీసుకోవడమే. వదిలిన కార్బన్ డయాక్సైడుతో పీహెచ్ మళ్ళీ దిగుతుంది. భీమవరం, ఉండి ప్రాంతాల చేపల రైతులకు ఆక్సిజన్ తగ్గిన ఫలితం బాగా తెలుసు: తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తాయి. పీహెచ్‌లోని ఈ ఎగుడుదిగుడును గుర్తుంచుకుందాం. క్లోరిన్ బలమూ, ఇనుము మరకా, రాగి మరకా దీనిమీదే ఆధారపడతాయి.

నాచు ఆకలి

వెలుతురొక్కటే ఉంటే నాచు పెరగదు. దానికి నత్రజని, భాస్వరం కావాలి. సముద్రంలో తేలే నాచు వంటి సూక్ష్మజీవుల కణాల్లో కార్బన్, నత్రజని, భాస్వరం పరమాణువులు సుమారుగా 106:16:1 నిష్పత్తిలో ఉంటాయని సముద్ర శాస్త్రవేత్త ఆల్‌ఫ్రెడ్ రెడ్‌ఫీల్డ్ చూపించాడు. దీన్ని బట్టి లెక్కగడితే, ఒక గ్రాము భాస్వరం సుమారు 100 గ్రాముల ఎండు నాచును పెంచగలదు. కార్బన్ గాలిలోంచి వస్తుంది. నత్రజనిని కొన్ని నీలి ఆకుపచ్చ జాతులు గాలిలోంచే పట్టుకుంటాయి. భాస్వరానికి అలాంటి దారి లేదు. అది ఎరువులోంచో, మురుగులోంచో, మట్టిలోంచో, కుళ్ళిన ఆకులోంచో రావాలి.

డెల్టా రైతుకు తెలిసిన డీఏపీ బస్తానే తీసుకోండి. 50 కిలోల బస్తాలో భాస్వరం సుమారు 10 కిలోలు. అదంతా నీటిలో చేరితే టన్ను ఎండు నాచుకు సరిపడే మేత. చేపల చెరువులో కావాలనే డీఏపీ వేసి నీటికి పచ్చదనం తెప్పించేది ఇందుకే. పొలంలో వేసినదాంట్లో కొంత వాననీటితో కొట్టుకొచ్చి మంచినీళ్ళ చెరువులో చేరితే అక్కడా అదే జరుగుతుంది. ఈతకొలనులోకి దుమ్ము, ఆకులు, చెమట భాస్వరాన్ని చేరుస్తాయి.

ఇంత తక్కువ మోతాదులో ఉండే భాస్వరాన్ని కొలవడం ఒకప్పుడు చాలా కష్టమైన పని. ఆ పనిని సులువు చేసినవాడు ఈ డెల్టా బిడ్డే. 1895 జనవరి 12న భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో భాస్వరాన్ని రంగుతో కొలిచే పద్ధతిని ప్రకటించాడు. ఫాస్ఫేటు మాలిబ్డేటుతో కలుస్తుంది. దాన్ని క్షయకరణం చేస్తే నీలిరంగు వస్తుంది. రంగు ఎంత చిక్కగా ఉంటే భాస్వరం అంత ఎక్కువ. ఆ పద్ధతి పుట్టింది రక్తం, కండరం వంటివాటిని పరీక్షించడానికి. నీటి పరీక్షకు ఇవాళ ఎక్కువగా వాడేది 1962లో మర్ఫీ, రైలీ రూపొందించిన పద్ధతి. అందులోనూ ఆ మాలిబ్డినం నీలమే వస్తుంది, క్షయకరణం చేసేది మాత్రం విటమిన్ సి. ఇదే విటమిన్ సి ఇనుము మరకల దగ్గర మళ్ళీ ఎదురవుతుంది.

తేటగా వచ్చి ఎర్రబడే నీరు

డెల్టా నేల నది తెచ్చి పోసిన ఒండ్రు. ఆ మట్టి రేణువుల మీద ఇనుము తుప్పు పూతలా అంటుకుని ఉంటుంది. వాటితోపాటే పూడిపోయిన ఆకూ అలమూ ఉంటాయి. లోతున గాలి ఆడదు. ఆ సేంద్రియ పదార్థాన్ని తినే సూక్ష్మజీవులు ఉన్న కాస్త ఆక్సిజన్‌ను వాడేసి, ఆ తర్వాత తుప్పులోని ఇనుము మీద పడతాయి. నీటిలో కరగని ఫెర్రిక్ ఇనుము అప్పుడు కరిగే ఫెర్రస్ రూపానికి మారుతుంది. అందుకే బోరు నీరు మొదట అద్దంలా తేటగా వస్తుంది. పైకి వచ్చి గాలి తగలగానే కథ వెనక్కి తిరుగుతుంది: ఫెర్రస్ మళ్ళీ ఫెర్రిక్ అయి, ఎర్రటి హైడ్రాక్సైడుగా విడిపడుతుంది.

తాగే నీటిలో ఇనుము లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని భారత ప్రమాణం చెబుతోంది. బట్టలకూ గిన్నెలకూ మరక పట్టడానికి 0.3 మిల్లీగ్రాములు దాటితే చాలు. 10 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు, సగటున 1.4 మీటర్ల లోతు ఉన్న కొలనులో 70,000 లీటర్లు పడతాయి. లీటరుకు 2 మిల్లీగ్రాముల ఇనుమున్న బోరుతో నింపితే లోపలికి చేరే ఇనుము 140 గ్రాములు. అది హైడ్రాక్సైడుగా మారితే సుమారు 270 గ్రాముల ఎర్రమడ్డి. తెల్లటి టైల్సును చెడగొట్టడానికి అది చాలు. ఆవిరైన నీటికి బదులు ప్రతివారం అదే బోరు నీరు పోస్తుంటే నీరు ఆవిరవుతుంది, ఇనుము మిగిలిపోతుంది.

క్లోరిన్ చేసే రెండు పనులు

నీరు పచ్చబడగానే ఎవరికైనా తోచేది బ్లీచింగ్ పౌడరు. అందులోని క్లోరిన్ నీటిలో హైపోక్లోరస్ ఆమ్లమై నాచు కణాన్ని చంపుతుంది. అయితే పీహెచ్ 7 దగ్గర క్లోరిన్‌లో నాలుగింట మూడొంతులు ఈ చురుకైన రూపంలో ఉంటే, 7.5 దగ్గర సగమే ఉంటుంది, 8.5 దగ్గర పదోవంతుకు పడిపోతుంది. నాచు పెంచిన పీహెచ్ నాచునే కాపాడుతుంది. పైగా బ్లీచింగ్ పౌడరులో సున్నం ఉంటుంది గనక అది కూడా పీహెచ్‌ను పెంచుతుంది. ఎండ తగిలితే క్లోరిన్ గంటల్లోనే విచ్ఛిన్నమవుతుంది. అందువల్ల ముందు పీహెచ్‌ను 7.2 దగ్గరికి దించి, పొద్దువాలాక క్లోరిన్ వేయాలి.

క్లోరిన్ నాచును చంపి ఊరుకోదు. నీటిలో కరిగి ఉన్న ఇనుము మీదా పనిచేస్తుంది. 1 మిల్లీగ్రాము ఇనుమును ఫెర్రిక్‌గా మార్చడానికి 0.64 మిల్లీగ్రాముల క్లోరిన్ చాలు. రాత్రి పచ్చగా ఉన్న కొలను పొద్దున్నే టీ డికాషన్ రంగులో కనిపించడానికి కారణం ఇదే. నాచు చచ్చింది, ఇనుము బయటపడింది. మందు పాడైపోయిందని భయపడి ఇంకో మందు కలిపితే పరిస్థితి మరింత చిక్కవుతుంది.

తెలియకుండా కలిపిన మందు ఏం చేస్తుందో 2016 రియో ఒలింపిక్స్‌లో ప్రపంచమంతా చూసింది. డైవింగ్ కొలనులో 80 లీటర్ల హైడ్రోజన్ పెరాక్సైడు పోశారు. విడిగా చూస్తే అదీ సూక్ష్మజీవుల్ని చంపేదే. కానీ క్లోరిన్‌తో కలిస్తే రెండూ ఒకదాన్నొకటి హరించుకుంటాయి. క్లోరిన్ పోయింది, నాలుగు రోజుల్లో కొలను పచ్చబడింది. కోట్లు పోసి కట్టిన కొలనుకైనా, పెరటి తొట్టికైనా రసాయన శాస్త్రం ఒకటే.

మైలుతుత్తం చేసిన మేలు, కీడు

డెల్టా రైతుకు మైలుతుత్తం, అంటే కాపర్ సల్ఫేటు, పాత నేస్తం. ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్ళలో గోదావరి ప్రాంతపు తాటిచెట్లకు మొవ్వుకుళ్ళు పట్టినప్పుడు మొక్కల తెగుళ్ళ శాస్త్రవేత్త ఎడ్విన్ బట్లర్ దాన్ని పరిశోధించి, ఇప్పుడు ఫైటాఫ్తొరా అని పిలిచే, శిలీంధ్రాన్ని పోలిన జీవిని వర్ణించాడు. కొబ్బరికి వచ్చే మొవ్వుకుళ్ళుకు మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో మిశ్రమం ఇప్పటికీ వాడతారు. 1885లో ఫ్రాన్సులో మిలార్డే ద్రాక్షతోటల కోసం ప్రకటించిన మందు అది. జలాశయాల్లో నాచును కూడా రాగి చంపుతుందని 1904లో అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్తలు మూర్, కెల్లర్‌మన్ చూపించారు. ఆ తర్వాత లోకమంతటా చెరువుల్లో మైలుతుత్తం వేయడం అలవాటైంది.

ఈతకొలనులో దానివల్ల వచ్చే చిక్కు మరక. మైలుతుత్తం బరువులో నాలుగోవంతు రాగి. నాచు చచ్చాక కూడా ఆ రాగి నీటిలోనే ఉంటుంది. పీహెచ్ పెరిగినప్పుడు గోడలమీద నీలి ఆకుపచ్చగా, కొన్నిచోట్ల నల్లగా పేరుకుంటుంది. దుకాణంలో వేరే పేర్లతో అమ్మే నాచు మందుల్లో చాలావాటిలోనూ రాగే ఉంటుంది. సీసా మీద ఏముందో చదివి కొనడం అవసరం.

మంచినీళ్ళ చెరువులో ప్రమాదం ఇంకా పెద్దది. 1979లో ఆస్ట్రేలియాలోని పామ్ ఐలండ్‌లో తాగునీటి జలాశయం పచ్చబడి కంపు కొడితే మైలుతుత్తం వేశారు. కొద్దిరోజుల్లో 148 మంది కాలేయం, మూత్రపిండాలు దెబ్బతిని జబ్బుపడ్డారు. వారిలో అత్యధికులు పిల్లలు. నీలి ఆకుపచ్చ బాక్టీరియా కణాల్లో ఉన్న విషం, కణాలు పగలడంతో ఒక్కసారిగా నీటిలోకి వచ్చిందని పరిశోధకులు తేల్చారు. బతికున్న నాచును వడకట్టవచ్చు. పగిలి కరిగిపోయిన విషాన్ని ఇసుక ఆపలేదు. కాబట్టి ఊరి చెరువు పచ్చబడితే ఎవరికివారు మైలుతుత్తం తెచ్చి చల్లకూడదు. ఊళ్ళలో ఉన్న మెల్లని ఇసుక వడపోత గద్దెలు చేసే పని ఇంతకన్నా మేలైనది. 1829లో లండన్‌లో ఇంజనీరు జేమ్స్ సింప్సన్ అమలుచేసిన పద్ధతే ఇది. గంటకు 10 నుంచి 20 సెంటీమీటర్ల చొప్పున నీరు ఇసుకలోకి దిగుతుంది. పైపొరలో నాచు, బాక్టీరియా కలిసి అల్లుకున్న జిగురు పొరే మురికినీ, సూక్ష్మజీవుల్నీ పట్టుకుంటుంది. పచ్చదనమంతా శత్రువు కాదు. దాన్ని ఉండాల్సిన చోట ఉంచితే మనకు పనిచేసిపెడుతుంది.

ఏ మరకో ముందు తేల్చుకోవాలి

మరకలన్నిటికీ ఒకే మందు లేదు. పసుపు, గోధుమ, ఎరుపు రంగుల్లో ఉంటే ఇనుమని అనుమానించాలి. విటమిన్ సి పొడిని చిన్న గుడ్డలో మూటగట్టి మరకమీద నొక్కి కాసేపు ఉంచితే ఇనుము మరక తెల్లబడుతుంది. ఆకులు, నాచు వేసిన మరకైతే దానికి లొంగదు, క్లోరిన్‌కు వెలిసిపోతుంది. నీలి ఆకుపచ్చ మరకైతే రాగి.

కొబ్బరాకు, మామిడాకు పడి కుళ్ళినచోట నల్లమరక వస్తే రెండూ కలిసినట్టు. ఆకులోని టానిన్, నీటిలోని ఇనుము కలిస్తే నలుపు పుడుతుంది. పెడన కలంకారీ పనివాళ్ళు బట్టను కరక్కాయ నీటిలో తడిపి, బెల్లంతో పులియబెట్టిన ఇనుప నీళ్ళు అద్ది నలుపు తెచ్చేది ఈ చర్యతోనే. ఉతికినా పోని రంగుగా వాళ్ళు వందల ఏళ్ళుగా నమ్ముకున్న పదార్థం అది. కొలనులో దానిమీద క్లోరిన్ వేస్తే నలుపు పోయి తుప్పు రంగు మిగులుతుంది. ఇనుమును విడిగా తీయాల్సిందే.

వరస తప్పకూడదు

ముందు పచ్చ, తర్వాత ఎరుపు. ఆ వరసకు కారణముంది. ఇనుము మరక తీసేటప్పుడు నీటిలో క్లోరిన్ ఉండకూడదు. క్లోరిన్ లేని నీటిలో నాచు మిగిలి ఉంటే రెండురోజుల్లో మళ్ళీ కమ్ముకుంటుంది.

మన 70,000 లీటర్ల కొలనులో క్లోరిన్‌ను లీటరుకు 10 మిల్లీగ్రాములకు చేర్చాలంటే 700 గ్రాముల క్లోరిన్ కావాలి. 33 శాతం బలమున్న తాజా బ్లీచింగ్ పౌడరైతే అది సుమారు 2.1 కిలోలు. తేమ తగిలి నిలవున్న పౌడరులో బలం తగ్గిపోతుంది. పౌడరును బకెట్టు నీళ్ళలో కలిపి, సున్నం దిగాక పైతేట పోయాలి. గోడలకు పట్టిన పాచిని బ్రష్‌తో రుద్దాలి. లేకపోతే జిగురు పొర కింద ఉన్న కణాలకు క్లోరిన్ అందదు. ఫిల్టరు రాత్రింబగళ్ళు నడవాలి. చచ్చిన నాచు, విడిపడిన ఇనుము సన్నటి నలకలుగా తేలుతుంటే పటిక వేసి, మోటారు ఆపి, రాత్రంతా కదపకుండా ఉంచాలి. పొద్దుటికి అడుగున దిగిన మడ్డిని కెలక్కుండా గొట్టంతో లాగి బయట పారబోయాలి. ఫిల్టరు గుండా తిప్పితే మళ్ళీ లోపలికే వస్తుంది.

నీరు తేటపడ్డాక మరకల వంతు. క్లోరిన్ దానంతటది తగ్గేదాకా ఆగాలి. తొందరపడితే నష్టం: 1 గ్రాము క్లోరిన్‌ను హరించడానికే 2.5 గ్రాముల విటమిన్ సి ఖర్చవుతుంది. మామూలుగా వెయ్యి లీటర్లకు సుమారు 12 గ్రాములు వాడతారు. మన కొలనుకు 840 గ్రాములు. మరకలున్నచోట చల్లుతూ వేస్తే కొద్ది గంటల్లో టైల్సు తెల్లబడతాయి. అది ఫెర్రిక్ ఇనుమును తిరిగి ఫెర్రస్‌గా మార్చి నీటిలో కరిగిస్తుంది. నేల లోతుల్లో సూక్ష్మజీవులు చేసిన పనే ఇదీ.

ఇక్కడే చాలామంది పని ముగిసిందనుకుంటారు. ఇనుము గోడ దిగి నీటిలోకి వచ్చింది, అంతే. మర్నాడు క్లోరిన్ వేస్తే మళ్ళీ గోడెక్కుతుంది. దాన్ని నీటిలోనే బంధించి ఉంచే ఫాస్ఫోనేటు మందులు దొరుకుతాయి. కానీ క్లోరిన్ తాకిడికి అవి నెమ్మదిగా విరిగి ఫాస్ఫేటు అవుతాయి. అంటే సుబ్బారావు కొలవడం నేర్పిన ఆ భాస్వరమే, నాచు మేతే. ఎరుపు పోగొట్టబోయి పచ్చకు అన్నం పెట్టినట్టవుతుంది. మేలైన దారి, ఆ నీటిలో కొంత తీసేసి ఇనుము లేని నీరు పోయడం. కొంచెం కొంచెంగానే తీయాలి. డెల్టాలో భూగర్భజలం పైపైనే ఉంటుంది. కొలను మొత్తం ఖాళీచేస్తే 70 టన్నుల బరువు తగ్గి, కింది నీరు తొట్టిని పైకి నెట్టి పగలగొట్టగలదు. వానాకాలంలో ఈ పని అసలు తలపెట్టకూడదు.

ఏ దశలోనూ బ్లీచింగ్ పౌడరును యాసిడ్‌తో గాని, క్లోరిన్ బిళ్ళలతో గాని కలపకూడదు. మొదటి జత విషవాయువు వదులుతుంది, రెండోది పేలవచ్చు.

మరక పడకముందే

అసలు తేలికైన వైద్యం నీరు లోపలికి రాకముందే చేయవచ్చు. 1 మిల్లీగ్రాము ఇనుము విడిపడడానికి 0.14 మిల్లీగ్రాముల ఆక్సిజన్ చాలు. గాలి తగిలిన నీటిలో దానికి ఎన్నో రెట్లుంటుంది. బోరు నీటిని చిల్లుల గొట్టంలోంచి జల్లుగా పడనిచ్చి, ఒక తొట్టిలో నిలబెట్టి, ఇసుకలో వడకట్టి వాడితే ఇనుములో చాలాభాగం అక్కడే ఆగిపోతుంది. ఈతకొలనుకే కాదు, ఇంటి ట్యాంకుకూ ఇదే పద్ధతి. కొలను పక్కన చెట్లుంటే రాలిన ఆకును ఏరోజుకారోజు తీసేయడం, పొలం మురుగు లోపలికి రాకుండా గట్టు కట్టడం నాచు మందులన్నిటికన్నా చవక.

చివరిగా పాఠకులకు ఒక విన్నపం. ఏ మందైనా కొనేముందు నీటిని పరీక్ష చేయించండి: పీహెచ్, ఇనుము, రాగి, ఫాస్ఫేటు ఎంతున్నాయో తెలుసుకోండి. కొలనులోంచి తీసిన మడ్డినీ, క్లోరిన్ నీటినీ, మైలుతుత్తం కలిసిన నీటినీ కాలవలోకి మాత్రం వదలకండి. క్లోరిన్ తగ్గేదాకా ఆగి, రాగి వాడని నీటిని మీ సొంత నేలలోనే ఇంకనివ్వండి. మనం కాలవలో పారబోసింది దిగువ ఊరి మంచినీళ్ళ చెరువుకు చేరుతుంది. ఆ చెరువు నీటినే వేసవంతా అక్కడి పిల్లలు తాగాలి.